కేకుకూ బార్‌బెల్‌కూ మధ్య బాకీ లేదు

మా వీధి చివర ఉన్న జిమ్‌లో కిందటి నెల ఒక మాట చెవిన పడింది. డిగ్రీ చదువుతున్న ఒక అమ్మాయి స్క్వాట్లు (భుజాల మీద బార్‌బెల్ మోస్తూ గుంజీల్లా కూర్చుని లేవడం) చేసే ర్యాక్ దగ్గర నిలబడి బార్‌కు ప్లేట్లు ఎక్కిస్తోంది. శిక్షకుడు అటుగా వచ్చి, "నిన్న పుట్టినరోజు ఫోటోలు చూశానమ్మా, కేకు గట్టిగానే లాగించావు. ఈ రోజు స్క్వాట్లు వద్దు, ముందు ట్రెడ్‌మిల్ ఎక్కి ఆ కేకు కరిగించు" అన్నాడు. అతడు చెడ్డవాడు కాడు, ఆ మాటలో వెక్కిరింపు కూడా పెద్దగా లేదు. ఆ అమ్మాయి నవ్వుతూనే ప్లేట్లు దించి వెళ్లింది. అంతకుముందు వారం 37.5 కిలోలతో శుభ్రంగా స్క్వాట్లు చేసిన మనిషి ఆ రోజు 40 కిలోలకు వెళ్లవలసింది. దానికి బదులు ముప్పావు గంట నడిచి, చెమట తుడుచుకుని ఇంటికి వెళ్లిపోయింది.

నేను బరువులు ఎత్తుతాను. ఏడాదిలో కొన్ని నెలలు తిండి తగ్గించి ఒళ్లు తగ్గించుకుంటాను. ఆదివారాలు ఓవెన్ వెలిగిస్తాను. ఈ మూడూ ఒకచోట ఎలా పొసుగుతాయని బంధువులూ తోటి ఉద్యోగులూ అడిగినప్పుడల్లా ఇంతకాలం నవ్వి ఊరుకునేదాన్ని. ఆ అమ్మాయి ట్రెడ్‌మిల్ ఎక్కడం చూశాక, సమాధానం వివరంగా రాయాలనిపించింది. నా ఉద్దేశంలో ఈ మూడూ హాయిగా పొసుగుతాయి, కాకపోతే ఒకదాని బాకీని ఇంకొకదాని చేత తీర్పించకూడదు. కేకు తిన్నందుకు వ్యాయామాన్ని జరిమానాగా వేయకూడదు. వ్యాయామం చేసినందుకు కేకును కూలిగా పుచ్చుకోకూడదు. డైటింగ్‌లో ఉన్నందుకు కేకును కేకు కాకుండా చేయకూడదు. మొదటి రెండూ జిమ్‌లలో ఎక్కువగా కనిపిస్తాయి, మూడోది మన ఇళ్లలో. నాకు ఎక్కువ పేచీ ఉన్నది ఆ మూడోదానితోనే.

జరిమానాగా వ్యాయామం

ముందు ఆ శిక్షకుడి లెక్కే చూద్దాం. ఇంట్లో చేసిన మామూలు వెన్న కేకు ఒక మోస్తరు ముక్కలో సుమారు 250 క్యాలరీలు ఉంటాయి. 60 కిలోల మనిషి అంత ఖర్చు చేయాలంటే గంటసేపు చురుగ్గా నడవాలి. బరువులెత్తే గంటలో ఖర్చయ్యేది దానికంటే గొప్పగా ఏమీ ఉండదు, ఎందుకంటే ఆ గంటలో బార్ మన చేతిలో ఉండేది కొద్ది నిమిషాలే. మిగతాదంతా సెట్‌కూ సెట్‌కూ మధ్య ఊపిరి తీసుకోవడం, ప్లేట్లు మార్చడం, ఎవరో ఎక్కడో పడేసిన 1.25 కిలోల చిన్న ప్లేటు కోసం జిమ్ అంతా వెతకడం. తిన్నది కరిగించడానికే అయితే వెయిట్ ట్రైనింగ్ చాలా గిట్టుబాటు కాని బేరం.

దాని లాభం వేరే చోట ఉంది. ముప్ఫైలు దాటిన దగ్గర నుంచి కండ తరుగుతూ వస్తుంది. ఆ తరుగుదలను అడ్డుకునే పనుల్లో బరువులెత్తడానికి సాటి వచ్చేది లేదు. రక్తంలోని చక్కెరను ఎక్కువగా పీల్చుకునేది కండరాలే కాబట్టి, మధుమేహం ఇంటింటికీ చుట్టమైపోయిన మనలాంటి వాళ్లకు అది ఇంకా అవసరం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల్లో వారానికి 150 నుంచి 300 నిమిషాల నడక లాంటి వ్యాయామంతో పాటు, కనీసం రెండు రోజులు ఒంట్లోని పెద్ద కండరాలన్నిటికీ పని చెప్పే వ్యాయామం ఉండాలని స్పష్టంగా ఉంది. మన పెద్దవాళ్లకు డాక్టరు చెప్పిన మాటల్లో మొదటి సగమే వినబడుతుంది. పొద్దున్నే పార్కుల్లో నడిచేవారు వందల్లో ఉంటారు. వాళ్లలో నేల మీద కూర్చుంటే చెయ్యి ఆనించకుండా లేవగలిగినవారు ఎందరో లెక్కపెట్టడానికి చేతి వేళ్లు చాలు.

ఆముదాలవలస దగ్గరి పల్లె నుంచి వచ్చిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో మొత్తం 240 కిలోలు ఎత్తి, ఒలింపిక్ పతకం తెచ్చిన తొలి భారతీయ మహిళ అయింది. ఆ రోజు టీవీ ముందు చప్పట్లు కొట్టిన ఇళ్లలోనే ఇవాళ్టికీ ఆడపిల్ల బరువులెత్తుతానంటే "మగాడిలా తయారవుతావే" అంటారు. ఆ మాట దాటుకుని ర్యాక్ దాకా వచ్చిన పిల్లను కేకు పేరు చెప్పి వెనక్కి పంపడం నాకు అందుకే మింగుడుపడలేదు. పైగా ఒంట్లో పిండిపదార్థం నిండుగా ఉన్న మరుసటి రోజు బరువులెత్తడానికి మంచి రోజు. పుట్టినరోజు మర్నాడే 40 కిలోలు ప్రయత్నించి ఉంటే లేచేవేమో.

జరిమానా పద్ధతిలో ఇంకో చిక్కు ఉంది. తప్పు చేసినందుకే శిక్ష అయితే, తప్పు చేయని రోజున జిమ్‌కు వెళ్లవలసిన పని ఏముంది? కేకులు మానేసిన నెలలో వ్యాయామం కూడా మానేసినవాళ్లను నేను ఎరుగుదును. వాళ్ల దృష్టిలో అది న్యాయమే. దీనికి తిరగేసిన రూపం కూలి పద్ధతి: "ఇవాళ డెడ్‌లిఫ్ట్ చేశాను, కాబట్టి రెండు ముక్కలు". డెడ్‌లిఫ్ట్ (నేల మీది బార్‌ను పట్టుకుని నిటారుగా లేవడం) చేసిన ఒంటికి నిజంగా కావలసింది ప్రోటీనూ నిద్రా. ఆ రెండూ ఇచ్చాక కేకు కూడా తింటే తినవచ్చు, కాని అది తినాలనిపించి తిన్న కేకు అవుతుంది, సంపాదించుకున్న కేకు కాదు. ఈ తేడా మాటల గారడీలా కనబడవచ్చు. సంపాదించుకున్నది అనుకున్నప్పుడు మనిషి చెయ్యి రెండో ముక్క మీదికి ఎంత తేలికగా వెళుతుందో గమనిస్తే అలా అనిపించదు.

బెల్లం వేస్తే తప్పు పోతుందా

తెలుగువాళ్లం డైటింగ్‌ను ఒంటరిగా చేయం, ఊరంతా కలిసి చేస్తాం. ఒక కాలంలో మంతెన సత్యనారాయణ రాజు గారి మాట విని ఉప్పూ నూనే లేని కూరలు వండుకున్నాం. 2017 ప్రాంతంలో వీరమాచినేని రామకృష్ణ గారి పద్ధతి వచ్చి, అన్నం పక్కన పెట్టి కొబ్బరినూనె కొలుచుకుని తాగాం. ఆ తరవాత ఖాదర్ వలీ గారి సిరిధాన్యాలు వచ్చాయి. కొర్రలు, సామలు, అరికెలు, ఊదలు, అండుకొర్రలు మళ్లీ కిరాణా కొట్లలో ముందు వరుసలోకి చేరాయి. ఏది మంచిది, ఏది కాదు అన్న తగవు ఇక్కడ నాకు అనవసరం. నేను గమనించినదల్లా, ఒక పద్ధతి పోయి ఇంకొకటి వచ్చినప్పుడల్లా వంటింట్లో ఒక పదార్థానికి శాపమూ ఇంకొకదానికి వరమూ దక్కుతాయి. ఒకప్పుడు నూనె విషం, నెయ్యి విషం. తరవాత నెయ్యి అమృతం, అన్నం విషం. ఈ మధ్య కొన్నేళ్లుగా మైదాకూ పంచదారకూ శాపం తగిలి, బెల్లానికీ రాగిపిండికీ వరం దక్కింది. ఇంట్లో బేకింగ్ చేసేవారి మీద ఈ తీర్పు ప్రభావం చాలా ఉంది. కేకు చేశానని చెబితే మొదటి ప్రశ్న "మైదానా, గోధుమపిండా?", రెండోది "బెల్లం వేశావా?"

లెక్క వేసి చూద్దాం. 125 గ్రాముల మైదా, అంతే వెన్న, అంతే పంచదార, రెండు గుడ్లు: మొత్తం దాదాపు 2000 క్యాలరీలు. ఎనిమిది ముక్కలు కోస్తే ముక్కకు 250. ఇప్పుడు దీన్ని 'ఆరోగ్యకరం' చేద్దాం. మైదా బదులు గోధుమపిండి వేస్తే తగ్గేది నామమాత్రం. పంచదార 100 గ్రాములకు దాదాపు 400 క్యాలరీలైతే బెల్లం 350 నుంచి 380 దాకా ఉంటుంది. అక్కడ మిగిలేదీ కొసరే. వెన్న బదులు 100 గ్రాముల నెయ్యి వేస్తే రెండూ సమానం. ఇక అలాంటి కేకుల్లో తప్పకుండా పడే గుప్పెడు బాదంపప్పూ గుప్పెడు ఖర్జూరమూ చేరేసరికి మొత్తం 2300 దాటుతుంది. అంటే శాపం తగిలిన కేకు కంటే వరం పొందిన కేకే బరువైనది. బెల్లం వేయడం ఒక్కటే ఒక వంటకాన్ని పథ్యంగా మార్చగలిగితే సంక్రాంతి నెలంతా మనం అరిసెలతోనే సన్నబడి ఉండవలసింది.

గోధుమపిండిలో పీచు ఎక్కువ, నిజమే. కేకు మొత్తానికి ఒక పది గ్రాములు ఎక్కువ వస్తుంది, ముక్కకు గ్రాము పైచిలుకు. ఆ గ్రాము కోసం కేకు తినేకంటే పూటకు ఇంత చిక్కుడుకాయ కూర తినడం మేలు. బెల్లంలో ఇనుము ఉంది, అదీ నిజమే. ముక్క కేకులో పడే బెల్లంతో తీరే రక్తహీనత మాత్రం ఎవరికీ ఉండదు. తేనె సంగతి కూడా ఇంతే. ప్రపంచ ఆరోగ్య సంస్థ చక్కెరకు పరిమితి పెట్టినప్పుడు తేనెనూ పండ్ల రసాలనూ ఆ లెక్కలోనే కలిపింది.

అంకెల కంటే గట్టిగా ఈ సంగతి నాకు తెలిసింది రాజమండ్రిలో, మా బాబాయి షష్టిపూర్తిలో. బాబాయికి పదిహేనేళ్లుగా షుగర్ ఉంది. అది దృష్టిలో పెట్టుకుని వారి అల్లుడు హైదరాబాదు నుంచి ప్రత్యేకంగా రాగిపిండీ తాటిబెల్లమూ వేసిన కేకు చేయించి తెచ్చాడు. డబ్బా మీద షుగర్ ఉన్నవారు కూడా తినవచ్చని అర్థం వచ్చేలా ఏదో రాసి ఉంది. బాబాయి ఒక ముక్క తిని, "ఇది మనకు పడేదేనటగా" అని రెండోది తీసుకున్నారు, భోజనాలయ్యాక మూడోది. సాయంత్రం గ్లూకోమీటర్ చూసి ఇంట్లో అందరూ అప్పడాల మీద, పులిహోర మీద నేరం మోపుతుంటే, పిన్ని మాత్రం గిన్నెలు సర్దుతూ ఒక్క మాట అంది: "మామూలు కేకైతే ఈయన ఒక్క ముక్కతో లేచేవారమ్మా. మంచి కేకు కాబట్టే మూడు తిన్నారు."

భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) ఆధ్వర్యంలో జరిగిన సర్వే 2023లో దేశంలో మధుమేహం ఉన్నవారి సంఖ్యను 10 కోట్ల పైన తేల్చింది. అంత పెద్ద సమస్య ఉన్న చోట "ఇది మీకు పడుతుంది" అన్న భరోసా చిన్న మాట కాదు. పంచదార కేకుకు కనీసం ఒక నిజాయితీ ఉంది. అది తన గురించి ఏ వాగ్దానమూ చేయదు కాబట్టి తినేవారు తమంతట తామే చెయ్యి వెనక్కి తీసుకుంటారు.

రాగిపిండితో గాని గోధుమపిండితో గాని కేకు చేయడమే తప్పని నేను అనడం లేదు. రాగికి ఒక మట్టి వాసన ఉంది, కోకోతో అది బాగా కలుస్తుంది. తాటిబెల్లంతో చేసిన అరటిపండు కేకు పంచదార దానికంటే నాకు ఎక్కువ ఇష్టం. రుచి కోసం చేస్తే అవి మంచి వంటలు. మినపసున్నుండను చూసి ఎవరూ దాన్ని లడ్డూకు బదులు అనుకోరు. అది సున్నుండ, దాని సంగతి అందరికీ తెలుసు. నాకు అభ్యంతరం బదులు వేషం వేసుకుని వచ్చే వాటితోనే. వాటిలో ప్రోటీన్ పౌడర్ కేకుది ప్రత్యేక స్థానం. మైదా తీసేసి ఆ పొడితో చేసిన కేకు ఓవెన్‌లో అందంగానే పొంగుతుంది, చల్లారాక కొరికితే చెప్పు అట్టలా సాగుతుంది. ఆ పొడిని పాలల్లో కలుపుకుని తాగేసి, తరవాత కావాలంటే సరైన కేకు ఒక చిన్న ముక్క తినవచ్చు కదా. ఒంటికి చేరవలసింది చేరుతుంది, నాలుకకూ అన్యాయం జరగదు.

అసలు లెక్క ఎక్కడ తప్పుతోంది

కేకు మీద ఇంత చర్చ పెట్టుకునే ఇళ్లలోనే రోజుకు మూడుసార్లు టీ కాగుతుంది. కప్పుకు రెండు చెంచాల పంచదార వేస్తే, చెంచాకు నాలుగైదు గ్రాముల చొప్పున, రోజుకు 25 నుంచి 30 గ్రాములు. రోజుకు 2000 క్యాలరీలు తినే మనిషికి పైనుంచి కలిపిన చక్కెర 25 గ్రాములకు మించకపోతే మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. అంటే ఆ హద్దు టీ కప్పులోనే ముగిసిపోయింది. నేను చెప్పిన కేకు ముక్కలో ఉన్నది సుమారు 16 గ్రాములు, అదీ వారానికి ఒకసారి. అయినా కేకు తిన్న రోజు మనకు గుర్తుంటుంది, టీ తాగిన రోజు గుర్తుండదు. కేకుకు కొవ్వొత్తి ఉంది, ఫోటో ఉంది, చూసే శిక్షకుడు ఉన్నాడు. టీకి అవేమీ లేవు.

ప్రోటీన్ విషయంలోనూ ఇదే తంతు. హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ ప్రకారం సాధారణ జీవితం గడిపే పెద్దవారికి కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రోటీన్ కావాలి; 60 కిలోల మనిషికి 50 గ్రాములు. బరువులెత్తి కండ పెంచుకోవాలనుకునేవారికి కిలోకు 1.6 గ్రాముల దాకా ఉపయోగం కనబడుతుందని క్రీడాపోషణ పరిశోధనలు చెబుతున్నాయి; అది 96 గ్రాములు. మన సగటు భోజనంలో అన్నం కొండంత, పప్పు గరిటెడు. ఒక మనిషి వాటాకు 30 గ్రాముల కందిపప్పు ఉడికిస్తే వచ్చేది ఆరేడు గ్రాములు, ఒక గుడ్డుతో మరో ఆరు. 50 చేరడానికే చెమటలు పడతాయి. అదే సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో కండ పెంచడానికి ప్రోటీన్ పొడులు వాడవద్దని చెప్పింది. ఈ ఒక్క విషయంలో నాకు ఆ సలహాతో పూర్తి ఏకీభావం లేదు. మాంసం ముట్టని ఇంట్లో, ఉద్యోగానికి పరుగెత్తే ఉదయం పూట, ఒక చెంచా పొడి ఎందుకు నేరమో నాకు అర్థం కాదు. కాని ఆ సలహా వెనుక ఉన్న తర్కం మంచిదే: ముందు కంచం సరిచేసుకోమంటోంది. పెసరట్టు మీద గుడ్డు పగలగొట్టి పోయడం, అన్నం ఒక గరిటె తగ్గించి పప్పు ఒక గరిటె పెంచడం, పలావులో మీల్‌మేకర్ వేయడం, మధ్యాహ్నం పెరుగు ఇంకొంచెం వడ్డించుకోవడం. డైటింగ్ అంటే నాకు తొంభై పాళ్లు ఇదే. ఇందులో కేకు ప్రసక్తే రాదు.

ఆకలి ఓవెన్ దాకా వచ్చినప్పుడు

ఇంతవరకూ ఈ మూడింటి ఖాతాలూ వేరువేరని వాదించాను. ఒక చోట మాత్రం అవి కలుస్తాయి, దాన్ని దాచిపెడితే వాదం నెగ్గినట్టు కాదు.

రెండో ప్రపంచ యుద్ధం చివరిలో, 1944-45లో, అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో యాన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది యువకుల మీద ఒక ప్రయోగం చేశాడు. యుద్ధానికి వెళ్లబోమన్న ఆ యువకులు తమంతట తామే ముందుకు వచ్చి ఆరు నెలల పాటు సగం కడుపుతో ఉన్నారు. వాళ్లు చిక్కిపోయారు, నీరసించారు. అది అందరూ ఊహించేదే. ఊహించనిది ఏమిటంటే వాళ్లకు తిండి తప్ప వేరే ధ్యాస లేకుండా పోయింది. కొందరు వంటల పుస్తకాలు ముందేసుకుని గంటల తరబడి చదివారు, వంటకాల వివరాలు సేకరించారు. అంతకుముందు వంటల మీద పెద్దగా ఆసక్తి లేనివారూ వాళ్లలో ఉన్నారు.

ఈ సంగతి చదివినప్పుడు నాకు మా ఆఫీసులో ఒకావిడ గుర్తుకు వచ్చింది. కూతురి పెళ్లి లోపు పది కిలోలు తగ్గాలని రోజుకు వెయ్యి క్యాలరీలతో మొదలుపెట్టింది. రెండో నెల నుంచి ఆఫీసుకు వారానికి మూడు రోజులు డబ్బాల నిండా బిస్కెట్లు రావడం మొదలైంది. నాన్‌ఖటాయి, జీడిపప్పు బిస్కెట్లు, కొబ్బరి మాకరూన్లు. తను ఒక్కటీ ముట్టదు. మేము తింటుంటే ఎదురుగా కూర్చుని, "లోపల మెత్తగా ఉందా? యాలకుల పొడి తెలుస్తోందా?" అని అడిగి అడిగి చెప్పించుకునేది. అందరూ ఆవిడ మనోనిగ్రహాన్ని మెచ్చుకున్నాం. జిమ్‌లో మాత్రం ఆవిడ అంతకుముందు అవలీలగా ఎత్తే బరువులు ఎత్తలేకపోయేది, మెట్లెక్కితే కళ్లు తిరిగేవి. అది నిగ్రహం కాదు, ఆకలి. నోటి దగ్గర దారి మూసేస్తే చేతుల గుండా బయటికి వచ్చింది.

కాబట్టి ఈ మూడింటిలో ఏదీ ఇంకొకదాని బాకీ తీర్చదు గాని, ఒకదాని సంగతి ఇంకొకటి బయటపెట్టగలదు. నా దగ్గర బరువుల లెక్క రాసుకునే నోటుపుస్తకం ఒకటి ఉంది. తిండి తగ్గించిన నెలల్లో అందులోని అంకెలు పెరగకపోయినా ఫరవాలేదు, నిలిచి ఉంటే చాలు. వరుసగా పడిపోతున్నాయంటే, అదే సమయంలో రాత్రి పదకొండింటికి ఫోనులో చాక్లెట్ కేకు వీడియోలు చూస్తున్నానంటే, తగ్గించినది ఎక్కువైందని అర్థం. అప్పుడు చేయవలసింది కేకు మానడమో, ఇంకాస్త ట్రెడ్‌మిల్ ఎక్కడమో కాదు; పూటకు ఇంకో గరిటె అన్నం పెట్టుకోవడం. ఒళ్లు తగ్గే వేగం కొంచెం మందగిస్తుంది. మందగించనివ్వాలి.

అసలు ఇంట్లో ఎందుకు

ఇంత తర్జనభర్జన పడేకంటే బేకింగ్ మానేసి, తినాలనిపించినప్పుడు బేకరీకి వెళ్లి ఒక ముక్క కొనుక్కోవచ్చు కదా అన్నది గట్టి ప్రశ్నే. హైదరాబాదులో ఉంటూ ఇరానీ చాయ్‌లో ముంచిన ఉస్మానియా బిస్కెట్‌ను తక్కువ చేసి మాట్లాడితే నాలుక ఊరుకోదు, అది ఇంట్లో రాదు కూడా. అయినా ఇంటి బేకింగ్‌కు ఒక గుణం ఉంది. అది తినాలనిపించిన క్షణానికీ తినే క్షణానికీ మధ్య రెండు గంటల పని పెడుతుంది. ఏప్రిల్‌లో మా వంటింట్లో వెన్న తీసి బయట పెడితే పది నిమిషాల్లో నూనె తేరుతుంది. పంచదారతో కలిపి గిలకొడితే తెల్లగా నురుగెత్తవలసిన వెన్న జారుడుగా, మెరుస్తూ గిన్నె అంచులకు పాకుతుంది. ఆ దశలో పిండి కలిపేస్తే కేకు మధ్యలో కుంగి, అడుగున జిడ్డు పొర కడుతుంది. గిన్నెను ఫ్రిజ్‌లో పెట్టి, తీసి, మళ్లీ గిలకొట్టి, గరిటె ఎత్తితే వెన్న కొనదేరి నిలబడేదాకా ఆగాలి. అంత ఓపిక ఉన్న రోజే కేకు ఉంటుంది. లేని రోజు ఉండదు. ఆకతాయి కోరికలు చాలావరకు ఆ వెన్న దగ్గరే వడపోతకు గురవుతాయి.

రెండో గుణం కొలత. బేకింగ్‌లో కొలత తప్పితే వంట తప్పుతుంది. మైదా తూచే ఎలక్ట్రానిక్ త్రాసు మీదే నేను పచ్చి చికెనూ పనీరూ తూస్తాను. ఎంత వేశానో తెలిసిన చోట భయపడవలసిన పని తగ్గుతుంది. చాలా వంటకాల్లో పంచదార ఐదో వంతు తగ్గించినా తేడా తెలియదు, ఆ మేరకు నేనూ తగ్గిస్తాను. సగానికి తగ్గిస్తే మాత్రం కేకు ఎండిపోతుంది, రంగు రాదు, ఎందుకంటే పంచదార తీపికి మాత్రమే కాదు, తేమ పట్టి ఉంచడానికీ పైన ఎర్రగా కాలడానికీ అదే ఆధారం. తిండి బాగా తగ్గించిన నెలల్లో కేకు కంటే బ్రెడ్ ఎక్కువగా చేస్తాను. 500 గ్రాముల మైదా, 300 పైచిలుకు నీళ్లు, 10 గ్రాముల ఉప్పు, కాస్త ఈస్టు. పిసికే పని భుజాలకు తెలుస్తుంది, ఇల్లంతా ఆ వాసన నిండుతుంది, మర్నాడు రెండు ముక్కల మధ్య ఆమ్లెట్ పెట్టుకుంటే అదే భోజనం. ఓవెన్ వెలిగించాలన్న సరదా తీరుతుంది, పూట గడుస్తుంది.

ఒప్పుకోవలసిన అభ్యంతరాలు ఉన్నాయి. మొదటిది నా చెల్లెలు వేసినది: "నువ్వు ఒక ముక్క తిని ఏడు ముక్కలు పక్కింటివాళ్లకు పంచుతావు. నీ క్యాలరీలు వాళ్ల ఒంట్లో దాస్తున్నావన్నమాట." దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. పక్కింట్లో ఇద్దరు పిల్లలు, ఎదురింట్లో షుగర్ ఉన్న తాతగారు, కింద వాచ్‌మన్ కుటుంబం. పిల్లలకూ వాచ్‌మన్ ఇంటికీ సంతోషంగా ఇస్తాను. తాతగారికి ఇవ్వకపోతే బాధ, ఇస్తే భయం. వారి కోడలిని అడిగి ఆవిడ చెప్పినట్టు చేస్తాను.

రెండోది, ఈ తూకాలూ నోటుపుస్తకాలూ అందరికీ పడవు. కొందరికి తూకం మొదలైతే అదే జబ్బవుతుంది. ఇడ్లీ తినే ముందు కూడా త్రాసు వెతుక్కుంటారు, పెళ్లి భోజనానికి వెళ్లడం మానేస్తారు. అలాంటి లక్షణం తమలో ఉందని అనుమానం ఉన్నవారు నా అంకెలన్నీ ఇక్కడే వదిలేయడం మంచిది. వాళ్లకు పనికొచ్చే పద్ధతి ఒకటి పిన్ని నుంచి నేర్చుకున్నాను. షష్టిపూర్తి తరవాత ఆవిడ కేకు చేసే విధానం మారింది. ఆరంగుళాల చిన్న గిన్నె, మైదా, పంచదార, గుడ్లు. ఓవెన్ లేదు కాబట్టి గాస్కెట్టూ విజిలూ తీసేసిన పాత కుక్కర్లో ఉప్పు పరిచి, దాని మీదే. పిండి కలపడానికి ముందే ఎన్ని ముక్కలో, ఏ ముక్క ఎవరిదో అనుకుంటుంది. దసరాకు చేసిన దాంట్లో బాబాయికి ఒక ముక్క వచ్చింది. ఇంకొకటి అడిగితే అది పాలబ్బాయిదని చెప్పిందట. ఆయన నాకు ఫోను చేసి, ఆ రాగి కేకే నయం, అందులో ఇన్ని షరతులు ఉండేవి కావని ఫిర్యాదు చేశారు.